ఎర్రతేలు విషము – హృదయ రక్షణ

తేలు కుట్టుట తెలుగు పల్లెలకు క్రొత్త సంగతి కాదు. గడ్డివాములలోను, పిడకల గూళ్ళలోను, రాతిగోడల సందులలోను తేలు దాగియుండును. కుట్టినంతనే మంత్రము వేయువానికొరకు పరుగెత్తుట తరతరముల ఆచారము. మంత్రమున కంత కీర్తి కలుగుటకు కారణము లేకపోలేదు. పెక్కు తేళ్ళ విషము ప్రాణాంతకము కాదు. కొన్ని గంటలలో బాధ తనంతట తానే శమించును. చూపునకు భీకరమైన నల్లని మండ్రగబ్బకంటె, చిన్నదగు ఎర్రతేలే మిక్కిలి ప్రమాదకరము.

ఈ ఎర్రతేలును 1798లో ఫాబ్రీషియస్ అను డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు తొలుత వర్ణించెను. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర, తమిళ ప్రాంతములలో నిది కలదు. దీని కాటునకు లోనైనవారు, ముఖ్యముగా పసిపిల్లలు, ఆయాసముతోను నోట నురుగుతోను మరణించుచుండిరి. అట్రోపిన్, స్టెరాయిడులు, డిజిటాలిస్ మొదలగు మందులు వాడబడినను ఫలితము స్వల్పమే. 1967లో ఇజ్రాయెల్ వైద్యుడు గెరాన్, ఆయన సహచరులును తమ దేశమున తేలుకాటు పాలైనవారి గుండె కండరము దెబ్బతినుటను వివరించి వ్రాసిరి. శత్రువు ఎచ్చట దెబ్బతీయుచున్నదో అప్పటికి స్పష్టపడసాగెను.

విషము పనిచేయు తీరును గ్రహించుటకు నరముల శాస్త్రము తోడ్పడెను. నరమునందు వార్త పయనించుట సోడియము, పొటాషియము అయానుల రాకపోకలవలననే యని 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు నిరూపించిరి. కణపు పొరలో నీ అయానులకు వేర్వేరు ద్వారములు కలవు. సోడియము ద్వారము తెరచుకొని, రెప్పపాటుకంటె తక్కువ కాలములో మూసికొనవలెను. తేలు విషమందలి చిన్న ప్రోటీనులు ఆ తలుపు సకాలమున మూతపడకుండ పట్టియుంచును. మరికొన్ని పొటాషియము ద్వారములను బంధించును. 1990లో ఎర్రతేలు విషమునుండి వేరుచేయబడిన ఐబీరియోటాక్సిన్ అట్టిదే.

తలుపులు తెరచియుండుటచే నరములు ఆగక ఉద్రేకించును. అడ్రినలిన్, నారడ్రినలిన్ వెల్లువగా విడుదలయగును. రక్తనాళములు ముడుచుకొనును. ఇరుకు దారిలో బరువు నెట్టు ఎద్దువలె గుండె అలసిపోవును. తుదకు ఊపిరితిత్తులలో నీరు చేరును. గుండె కండర కణములందును ఇట్టి ద్వారములే యుండుటచే లయయు చెడవచ్చును.

ఈ విపత్తునకు విరుగుడు మహానగరమున గాక పల్లెపట్టున దొరకుట విశేషము. కొంకణమందలి మహాడ్ ప్రాంతమున పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ రోగుల మంచములకడ కూర్చుండి నాడిని, రక్తపు పోటును గంటగంటకు గుర్తించుచు వచ్చెను. వాంతులు, విపరీతమైన చెమట, కాలుసేతులు చల్లబడుట రాబోవు గండమునకు ముందు సూచనలని 1982లో లాన్సెట్ పత్రికలో ప్రకటించెను. రక్తనాళముల బిగువును సడలించు ప్రాజోసిన్ అను రక్తపుపోటు మాత్ర ఈ రోగులను కాపాడునని 1986లో అదే పత్రికలో తన భార్య డాక్టర్ ప్రమోదినితో కలిసి వ్రాసెను. నూటికి సుమారు ముప్పదిగా నుండిన మరణములు క్రమముగా నూటికి ఒకటికి దిగెను. 2011 జనవరిలో ప్రకటితమైన వారి పరిశోధనలో, ప్రాజోసిన్‌తోపాటు విష విరుగుడు సూదిమందు పొందిన 35 మందిలో 32 మంది పది గంటలలో కోలుకొనగా, మాత్ర మాత్రమే పొందిన 35 మందిలో 8 మందియే ఆ వేళకు కోలుకొనిరి. 2022లో బావస్కర్‌కు పద్మశ్రీ లభించెను.

విషమే విద్యకు సాధనమగుట మరియొక వింత. వేరొక తేలు విషమునుండి లభించిన ఖారిబ్డోటాక్సిన్ సాయముతో పొటాషియము ద్వారపు స్వరూపమును శోధించిన మెకిన్నన్ 2003లో నోబెల్ బహుమతి నందెను.

ఈ చరిత్ర బోధించునది ఒక్కటే. తేలుకాటున ప్రాణము తీయునది విషము మాత్రమే కాదు, జాప్యము కూడ. చెమట పట్టి, వాంతి యగుచున్న బిడ్డను మంత్రగాని యరుగుపై కూర్చుండబెట్టిన ప్రతి గడియయు గుండెకు భారమే; ఆసుపత్రికి చేర్చిన ప్రతి గడియయు ప్రాణమునకు రక్షయే.