తాళము పెట్టెకా, పెట్టెలోని సొమ్ముకా?

మన పూర్వుల యిండ్లలో భోషాణమను పెద్దపెట్టె యుండెడిది. దస్తావేజులు, వెండి సామాను, పట్టుబట్టలు అందే దాచెడివారు. దానికి తాళముండిన మాట నిజమే కాని, దానిని కాపాడినది తాళముకన్న బరువు. నలుగురు పట్టినగాని కదలని పెట్టెను దొంగ యెట్లు మోసికొనిపోగలడు? తొలినాటి ప్రయాణపు కంప్యూటరులకును ఇట్టి రక్షణయే యుండెను. 1981లో అమెరికాలో వెలువడిన ఆస్బర్న్ యంత్రము బరువు సుమారు 11 కిలోలు. పేరునకు అది వెంట గొనిపోదగినదే. ఆ సంగతి మోసినవాని భుజము నడుగవలెను. పదేండ్లలో యంత్రము పలుచనై, పుస్తకమంతటిదై, చేతిసంచిలో ఇమిడినది. యజమానికి కలిగిన సౌకర్యమే దొంగకును కలిగెను.

1990 డిసెంబరు 17వ తేదీన లండనులోని ఆక్టన్ ప్రాంతమున ఒక చిత్రము జరిగినది. బ్రిటిష్ వైమానిక దళపు అధికారి యొకరు కార్ల దుకాణము చూడబోయి, తన కారులో ల్యాప్‌టాప్‌ను విడిచిరి. తిరిగి వచ్చునప్పటికి అది లేదు. అందున్నవి గల్ఫ్ యుద్ధమునకు సంబంధించిన రహస్య వ్యూహములు; యుద్ధారంభమునకు సరిగా నెల దినములే గడువు. సంగతి వెల్లడి చేయవలదని ప్రభుత్వము పత్రికలను కోరినది. ఐర్లండు పత్రిక యొకటి బయటపెట్టినది. కొన్నాళ్లకు ల్యాప్‌టాప్ తపాలాలో తిరిగి వచ్చెను. తాను దొంగనేగాని దేశద్రోహిని కానను భావముగల చీటి దానితో నుండెను! పాపము, ఆ అధికారి మాత్రము సైనిక న్యాయస్థానము ఎదుట నిలువవలసివచ్చినది. దొంగకు దేశభక్తి యుండునని నమ్మి తలుపు తీసి పడుకొనువారు లేరు గదా.

1992లో కెన్సింగ్టన్ అను అమెరికా సంస్థ ఉక్కుతీగ తాళమును తెచ్చెను. ల్యాప్‌టాప్ ప్రక్కన ఏడు మిల్లీమీటర్ల పొడవు, మూడు మిల్లీమీటర్ల వెడల్పుగల చిన్న రంధ్రము. అందు తాళపు తల దూర్చి, తీగను బల్లకాలికి చుట్టుట. పశువును పలుపుతో గుంజకు కట్టుట వంటిదే. పాత ల్యాప్‌టాప్‌లలో ఈ రంధ్రము తరచు కనిపించును. పలుచదనపు మోజులో నేటి యంత్రములలో పెక్కింట అది మాయమైనది. గ్రంథాలయములోనో, హాస్టలు గదిలోనో ఈ పలుపు ఉపయోగమే. కాని ఇది పెట్టెను కాచునేగాని సొమ్మును కాదు.

ఆ భేదము లోకమునకు బాగుగ తెలిసినది 2006లో. ఆ యేడు మే 3వ తేదీన అమెరికాలోని మేరీలాండులో, మాజీ సైనికుల సంక్షేమశాఖ ఉద్యోగి యింట దొంగలు పడి ల్యాప్‌టాప్‌ను, బయటి హార్డ్ డిస్కును ఎత్తుకొనిపోయిరి. అందు 2 కోట్ల 65 లక్షల మంది పేర్లు, పుట్టిన తేదీలు, గుర్తింపు సంఖ్యలు సాదా అక్షరములలో నుండెను. జూను చివర వస్తువులు దొరికినవి. లోపలి వివరములను ఎవరును చూడలేదనియే పరిశోధకులు తేల్చిరి. అయినను వ్యాజ్యము నడచి, 2009లో ప్రభుత్వము 2 కోట్ల డాలర్లకు రాజీపడవలసివచ్చెను. యంత్రముల వెల అందులో ఎన్నవ వంతు?

పాస్‌వర్డు పెట్టితిమి గదా యని గృహస్థులు ధైర్యముగ నుందురు. ఆ పాస్‌వర్డు వీధి తలుపు మాత్రమే. హార్డ్ డిస్కును ఊడదీసి వేరొక యంత్రమునకు తగిలించినచో, తలుపుతో పనిలేక గోడ తొలచినట్లే. డిస్కునందలి వ్రాతను మొత్తము గూఢలిపిగా మార్చుటయే దీనికి విరుగుడు. ఇద్దరు బెల్జియన్లు రూపొందించిన గూఢలిపి పద్ధతి 2001లో అమెరికా ప్రభుత్వ ప్రమాణమైనది. మైక్రోసాఫ్ట్ వారు 2007లో ఈ సౌకర్యమును విస్టాలోని ఖరీదైన రకములకు మాత్రమే ఇచ్చిరి. ఇంటివాడుక రకమునకు ఇవ్వలేదు. ఇండ్లలోని పాత యంత్రములు తెరచియుండుటకు ఇదొక కారణమని నా తలంపు. నేడు వెరాక్రిప్ట్ వంటి ఉచిత సాధనములు కలవు. పాత ల్యాప్‌టాప్‌లో పని కొంత మందగించవచ్చును. పొడవైన పాస్‌వర్డే దానికి దిక్కు. ఇంకొక మాట. కరెంటు ఆపిన పిదప కూడ కొన్ని క్షణములు మెమొరీలో తాళపుచెవి ఆనవాళ్లు నిలుచునని 2008లో ప్రిన్స్‌టన్ పండితులు చూపిరి. కావున ప్రయాణమునకు ముందు యంత్రమును నిద్రపుచ్చుట చాలదు, పూర్తిగా ఆపవలయును.

మన దేశమున పోయిన ఫోనును నిలిపివేయుటకు 2023 నుండి సంచార్ సాథీ కలదు. సిమ్ము లేని ల్యాప్‌టాప్‌కు అట్టి సంఖ్య యుండదు. అడుగున ముద్రించిన సీరియల్ నంబరును, కొన్న రసీదును వేరొకచోట దాచినగాని పోలీసు ఫిర్యాదులో వ్రాయుటకేమియు నుండదు.

మా యింట 2012లో కొన్న ల్యాప్‌టాప్ ఒకటి కలదు. అమ్మిన ఎవరును వేయి రూపాయలీయరు. మా తండ్రిగారు తమ చివరి యేండ్లలో చెప్పిన ఊరి సంగతులు, వారి గొంతుతోనే, అందున్నవి. నిరుడు రైలు దిగునపుడు దానిని మరచితిని. బండి కదలుచుండగా తోటి ప్రయాణికు డొకరు కిటికీలోనుండి సంచి నందించిరి. నా చేతులు చాలసేపు వణకినవి. ఆ రాత్రి మొదట నకళ్లు తీసితిని. ఒకటి మా అక్కగారింటికి పంపితిని. ఆ తరువాతనే గూఢలిపి పని మొదలిడితిని. పాస్‌వర్డు మరచినచో యజమానికిని దొంగగతియే గనుక, ఆ క్రమము తప్పరాదు. పని ముగియునప్పటికి తెల్లవారినది. పాస్‌వర్డును కాగితముపై వ్రాసి, ఊరిలోని మా భోషాణమునందుంచితిని.