పంచమ శబ్దము

ఒకప్పుడు అంటరానివారనఁబడిన జనులకుఁ గచ్చేరి కాగితములలోఁ బంచములని పేరు. పంచముఁడనఁగా నయిదవవాఁడు. వర్ణములు నాలుగే, అయిదవది లేదని మనుస్మృతి దశమాధ్యాయము చెప్పుచున్నది. శాస్త్రము లేదన్న స్థానమున మనుష్యులను నిలిపి, యూరివెలుపల నుంచి, దానికి మరల శాస్త్రమునే సాక్షిగాఁ జూపుట యెంత వింత! 1917లో బెజవాడయందు భాగ్యరెడ్డివర్మగారి యధ్యక్షతను గూడిన సభ యా పేరును ద్రోసివైచి, ఆది ఆంధ్రులను పేరును స్వీకరించెను. 1922లో మదరాసు ప్రభుత్వమును దాని నంగీకరించెను. నాఁడు నెల్లూరు జిల్లాలోనుండిన మన దర్శికిని ఆ యుత్తరువే వర్తించెను. కాగితముమీఁదఁ బేరు మాఱినది, నోటిమాటయో? "తక్కువవారు" అను పలుకు నేఁటికిని మన వసారాలలో వినఁబడుచునేయున్నది. చదువరులారా, బిడ్డలు తొలుత మాటలు నేర్చునది బడిలోఁ గాదు, ఇంటిలో. ఆ పలుకును ముందుగా మన నోటినుండి తొలఁగింతము.