గురకకు దంతవైద్యము: రోగముకన్న ముందు పుట్టిన చికిత్స

ముందుగా ఒక చిన్న ప్రయోగము చేయుదము. పరికరము లేవియు అక్కరలేదు. తల కొంచెము వెనుకకు వాల్చి, నోటితో గాలి పీల్చుచు గురక శబ్దము చేయుడు. సులభముగనే వచ్చును. ఇప్పుడు క్రింది పలువరుస పై పలువరుసకు ముందు వచ్చునట్లు దవడను ముందునకు చాచి, మరల ప్రయత్నింపుడు. చాలమందికి శబ్దము రాదు. వచ్చినను బలహీనముగ వచ్చును. ఈ ప్రయోగమును తరగతిలో చేయించు ఉపాధ్యాయులు తలుపులు మూసికొనుట మంచిది.

దీనికి కారణము శరీరనిర్మాణములో ఉన్నది. నాలుకలోని ముఖ్యమైన కండరము గడ్డము వెనుక, క్రింది దవడ యెముక లోపలివైపున అంటుకొని యుండును. దవడ ముందుకు వచ్చినచో నాలుకయు దానివెంట రావలసినదే. నిద్రలో కండరములు సడలును. వెల్లకిల పడుకొన్నవానికి నాలుక, మెత్తని అంగిలి గొంతులోనికి జారును. ఇరుకైన దారిలో గాలి దూసుకొని పోవునప్పుడు అంగిలి, కొండనాలుక అదరును. అదియే గురక. ఆ దారి పూర్తిగ మూసికొనిపోయినచో రొమ్ము ఎగసిపడుచునే యుండును గాని గాలి మాత్రము కదలదు. ఇట్లు 10 సెకండ్లు, అంతకు మించి ఊపిరి ఆగుటను ‘ఆప్నియా’ అందురు. రక్తములో ఆక్సిజను తగ్గును. మెదడు ఉలికిపడి గొంతు తెరిపించును. మనిషి మరల నిద్రలోనికి జారును. ఊపిరి ఆగుట, బాగుగ తగ్గుట కలిపి గంటకు 30 సారులు దాటిన రోగులును కలరు. తెల్లవారిన తరువాత వారికి ఇదేమియు జ్ఞాపకముండదు. తలనొప్పి, పగటి కునుకుపాట్లు, రక్తపుపోటు మాత్రము మిగులును. లారీ నడుపువానికి ఆ కునుకుపాటే ప్రాణాంతకము కావచ్చును.

ఈ రోగము చరిత్రలో ఒక విచిత్రమున్నది. చికిత్సకు మూలమైన కిటుకు ముందు తెలిసినది. రోగము చాలకాలము తరువాత తెలిసినది.

క్లోరోఫారము వాడుక వచ్చిన తరువాత, మత్తులో నున్న రోగికి నాలుక వెనుకకు జారి ఊపిరాడకుండుట శస్త్రవైద్యులకు పెద్ద భయముగ నుండెను. 1870 దశకములో నార్వే దేశస్థుడు హైబెర్గ్, జర్మనీ దేశస్థుడు ఎస్మార్ఖ్ ఒక ఉపాయమును ప్రచారము చేసిరి. చెవుల క్రింద దవడ మూలలను రెండు చేతులతో పట్టి ముందుకు త్రోయుటయే ఆ ఉపాయము. నేటికిని మత్తువైద్యులు దానిని వాడుచున్నారు. (మన హైదరాబాదులో 1888, 1889లలో పనిచేసిన క్లోరోఫారము కమిషనులు గుండెకంటె ముందు ఊపిరి ఆగుననియు, దానినే కనిపెట్టి యుండవలెననియు తేల్చినవి. గుండె విషయములో ఆ తీర్పు పూర్తిగ సరికాదని తరువాత తెలిసినది గాని, ఊపిరిని కనిపెట్టవలెనను మాట చెడ్డది కాదు.)

పిమ్మట ఫ్రాన్సులో పియర్ రోబెన్ అను దంతవైద్యుడు, క్రింది దవడ మిక్కిలి చిన్నదిగ నున్న పిల్లలలో నాలుక వెనుకకు పడి శ్వాసకు అడ్డు తగులుటను గూర్చి 1923లో వ్రాసెను. దవడను ముందుకు నిలుపుటకు అతడు వాడినది, 1902 నాటికే తాను రూపొందించిన ‘మోనోబ్లాక్’ అను ఏకఖండపు పరికరము. పగలు వైద్యుని చేయి చేసిన పనిని రాత్రియంతయు నోటిలోని ఒక పలక చేయగలదను ఆలోచన అప్పటికే ఉన్నదన్నమాట.

పెద్దల విషయము వేరుగ నడచినది. 1836-37లో వెలువడిన డికెన్సు నవల ‘పిక్విక్ పేపర్స్’లో జో అను లావుపాటి కుర్రవాడు ఎక్కడ నిలబడిన అక్కడనే నిద్రపోవును, గురక పెట్టును. చదువరులు నవ్విరి. 1956లో బర్వెల్, అతని సహచరులు అట్టి రోగి నొకనిని వర్ణించి ఆ లక్షణములకు పిక్విక్ పేరు పెట్టిరి గాని, మగతకు కారణము రక్తములో పెరిగిన బొగ్గుపులుసుగాలియే యని తలచిరి. రాత్రియంతయు మేల్కొని రోగి నిద్రను కొలిచినవారు లేరు. 1965లో ఫ్రాన్సులో గస్టో బృందము, జర్మనీలో యూంగ్, కూలో మెదడు తరంగములను, శ్వాసను ఏకకాలమున నమోదు చేయగనే గుట్టు బయటపడెను.

చికిత్స యేమి? 1969లో కూలో బృందము రోగి మెడలో వాయునాళమునకు రంధ్రము చేసెను. మగత వదలినది. కాని ఆ రంధ్రముతో బ్రదుకుట యెంత కష్టమో ఊహింపవచ్చును. మోనోబ్లాక్ పుట్టి అప్పటికి అరువది యేండ్లు దాటినది. దంతవైద్యుడు చూచునది మేల్కొన్న రోగిని. వైద్యుడు వెదకినది ఊపిరితిత్తులలో. ఈ రెండు శాఖల నడుమ నున్న గొంతు ఎవరికిని పట్టలేదని నాకు తోచును.

1981లో సిడ్నీలో కాలిన్ సలివన్ ముక్కు తొడుగుద్వారా గాలిని ఒత్తిడితో పంపు యంత్రమును ప్రవేశపెట్టెను. మరుసటి యేడు షికాగోలో రోజలిండ్ కార్ట్‌రైట్, సామెల్సన్ నాలుకను ముందుకు పట్టియుంచు మెత్తని బుడగను పరీక్షించిరి. 1984లో జర్మనీలో మయర్-ఎవర్ట్ బృందము దవడను ముందుకు జరుపు పలకను వర్ణించెను. దానికి ఎస్మార్ఖ్ పేరే వచ్చినది. క్లోరోఫారము నాటి కిటుకు నూరేండ్లకు పడకగది చేరినది.

ఈ పలక తయారీకి రెండు పలువరుసల అచ్చు తీసి, పలకలు చేసి, క్రింది దానిని కొద్దికొద్దిగ ముందుకు జరుపుదురు. గట్టి పండ్లు తగినన్ని లేనివారికి, చిగుళ్లు చెడినవారికి ఇది పనికిరాదు. చొంగ కారుట, దవడకీలు నొప్పి, ఏండ్లు గడచిన కొలది పండ్లు జరుగుట కలవు. గాలియంత్రమంత బలమైనది కాదు. ఆస్ట్రేలియాలో 2013లో ప్రకటించిన పరిశోధనలో 108 మంది రెండింటిని నెల చొప్పున వాడిరి. గంటకు సుమారు 26 సారులున్న ఆటంకము యంత్రముతో 4.5కు, పలకతో 11కు తగ్గెను. కాని యంత్రమును రాత్రికి 5.2 గంటలు, పలకను 6.5 గంటలు పెట్టుకొనిరి. రక్తపుపోటు విషయములో రెండింటికిని చెప్పుకోదగిన భేదము లేదు. బీరువాలో నున్న యంత్రము ఎంత బలమైనదైనను ఏమి లాభము?

ఒక అపాయమును మాత్రము చెప్పక తప్పదు. నిద్రపరీక్ష చేయించుకొనక, దొరికిన పలకను నోట పెట్టుకొన్నచో శబ్దము తగ్గవచ్చును. ఊపిరి ఆగుట అట్లే మిగులవచ్చును. ఇంటివారు నిశ్చింతగ నిద్రపోదురు, రోగము లోలోపల సాగును. అందుచేత రోగనిర్ణయము వైద్యునిది, పలక అమరిక దంతవైద్యునిది, ఆ తరువాత మరల నిద్రపరీక్ష. 2017లో అమెరికా దంతవైద్య సంఘము దంతవైద్యులు తమ రోగులలో ఈ లక్షణములను వెదకి, అనుమానమున్నవారిని వైద్యులకడకు పంపవలెనని ప్రకటించెను. పంటినొప్పికి వచ్చినవానిని ‘రాత్రి నిద్ర యెట్లున్నది?’ అని అడిగినచో ‘బాగుగనే పట్టును’ అని చెప్పును. వెంట వచ్చిన భార్యను అడిగిన అసలు సంగతి తెలియును.