ఓడలో వచ్చిన పంతుళ్ళు, సవర నేర్చుకున్న పంతులు

పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మా గదిలో నలుగురం ఉంటాం. ఇద్దరు సవరలు, ఒకడు జాతాపు, ఒకడు కొండదొర. నలుగురి ఇళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదట. మొన్న క్లాసులో ఒక్కొక్కరూ లేచి ఇంగ్లీషులో రెండు నిమిషాలు తమ గురించి చెప్పుకోమన్నారు. మా వంతు వచ్చేసరికి పేరు, ఊరు చెప్పి ఆగిపోయాం. వెనక బెంచీల్లో నవ్వులు. ఆ రాత్రి అన్నాల దగ్గర పెద్ద వాదన అయ్యింది. "ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషులో చెప్పుంటే మనకీ గతి పట్టేదా?" అన్నాడు ఒకడు. "ఒకటో తరగతిలో మనకి తెలుగే అర్థం కాలేదు, ఇంగ్లీషు పెట్టుంటే బడే మానేసేవాళ్ళం" అన్నాడు ఇంకొకడు. ఎంతకీ తేలలేదు. సరే, ఈ పని ఒక దేశమంతా చేసి చూసిన చోటు ఎక్కడైనా ఉందా అని వెతికితే ఫిలిప్పీన్స్ దొరికింది.

ఆ దీవుల్ని మూడు వందల ఏళ్ళకు పైగా స్పెయిన్ ఏలింది. 1898లో అమెరికా వాటిని స్పెయిన్ దగ్గర 2 కోట్ల డాలర్లకు తీసుకుంది. అక్కడి జనాన్ని ఎవరూ అడగలేదు. 1899లో యుద్ధం మొదలైంది. ఒకపక్క తుపాకులు పేలుతుండగానే ఇంకోపక్క బళ్ళు తెరిచారు. మొదట్లో పాఠాలు చెప్పింది సైనికులే. 1901 జనవరిలో 74వ నెంబరు చట్టం తెచ్చి, ప్రభుత్వ బళ్ళన్నిటిలో చదువు ఇంగ్లీషులోనే అన్నారు. ఆ ఏడాది ఆగస్టులో 'థామస్' అనే సైనిక ఓడ మనీలాకి చేరింది. అందులో 500 మందికి పైగా అమెరికన్ టీచర్లున్నారు. ఓడ పేరు మీదే వాళ్ళకి 'థామసైట్లు' అని పేరొచ్చింది.

వాళ్ళలో చాలామందికి పిల్లల భాష ఒక్క ముక్క రాదు. పిల్లలకి ఇంగ్లీషు రాదు. మధ్యలో అనువాదం చెప్పేవాళ్ళు లేరు. అందుకని వస్తువు చూపించి పేరు చెప్పడం, పిల్లలందరి చేత పలికించడం, చేసి చూపించి వాక్యం అనిపించడం, ఇలా మాట్లాడుతూనే నేర్పారు. అమెరికా నుంచి వచ్చిన వాచకాల్లో ఆపిల్ పళ్ళు, మంచు, అమెరికా పిల్లల పేర్లు. కొబ్బరిచెట్ల కింద కూర్చున్న పిల్లలు ఎప్పుడూ చూడని మంచు గురించి వల్లె వేశారు. ఆ తర్వాత కమీలో ఓసియాస్ అనే ఫిలిప్పినో విద్యావేత్త తమ దేశపు కథలతో, మనుషులతో వాచకాలు తయారుచేశాడు. అప్పుడు కూడా భాష ఇంగ్లీషే.

ఆ టీచర్లంతా చెడ్డవాళ్ళని మేము అనట్లేదు. కలరా కాలంలో కూడా పల్లెల్లో ఉండి పాఠం చెప్పినవాళ్ళున్నారు, అక్కడే ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. అదే ప్రభుత్వం 1904లో ఏం చేసిందో కూడా చూడాలి. ఆ ఏడు సెయింట్ లూయిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనకి ఫిలిప్పీన్స్ నుంచి వెయ్యి మందికి పైగా మనుషుల్ని తీసుకెళ్ళారు. కొండల్లో ఉండే ఇగొరోట్ ఆదివాసీల చేత గుడిసెలు కట్టించి, టిక్కెట్టు కొన్న జనానికి చూపించారు. అక్కడే నమూనా బడి పెట్టి, పిల్లలు ఇంగ్లీషు నేర్చుకుంటుంటే దాన్నీ చూపించారు. ఇది చదివాక మేము కాసేపు ఏమీ మాట్లాడలేదు. క్లాసులో నిలబడి ఆగిపోయిన ఆ రెండు నిమిషాలే గుర్తొచ్చాయి.

మరి చదువు వచ్చిందా? 1925లో కొలంబియా యూనివర్సిటీకి చెందిన పాల్ మన్రో నాయకత్వంలో పెద్ద సర్వే జరిగింది. నూటికి 82 మంది పిల్లలు నాలుగో తరగతి దాటట్లేదని తేలింది. బడి దాటితే ఇంగ్లీషు మాట్లాడే మనిషే ఉండడు కాబట్టి నేర్చుకున్న కాస్తా నిలవదు. ఇలా అని తెలిసినా ఇంగ్లీషే కొనసాగించారు. చాలా ఏళ్ళ తర్వాత, 2013లో, మూడో తరగతి దాకా తల్లిభాషలోనే చెప్పాలని చట్టం చేశారు. 2024లో అది తప్పనిసరి కాదని మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. అంటే మా గదిలో తేలని వాదన అక్కడ 120 ఏళ్ళు దాటినా తేలలేదు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. ఇగొరోట్ల కొండల్లోని బాగియో ఊరికి ఇప్పుడు కొరియా నుంచి ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకోవడానికి వస్తున్నారు. జపాన్, థాయ్‌లాండ్ బళ్ళలో ఫిలిప్పినో టీచర్లు ఇంగ్లీషు చెబుతున్నారు. ఆ భాష వాళ్ళకి తిండి పెడుతోంది. అదే బాగియోలో మాటియో కారిన్యో అనే ఆదివాసీ, తాతల నాటి భూమి మాదేనని వేసిన కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1909లో తీర్పు ఆయన వైపే వచ్చింది. 1/70 గురించి మాట్లాడుకునే మనందరికీ ఈ కేసు తెలిసుండాలి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. థామస్ ఓడ మనీలా చేరిన ఆ రోజుల్లోనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి అనే బడిపంతులు తిరగబడ్డ పని చేస్తున్నాడు. సవర పిల్లలకి తన భాష నేర్పడానికి ముందు తానే సవర నేర్చుకున్నాడు. సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. సవరలో పుస్తకాలు రాశాడు, సొంత డబ్బుతో బళ్ళు పెట్టాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసేటప్పుడు ఆయన వ్యావహారిక తెలుగు గురించే చెబుతారు, సవర సంగతి ఎక్కువమంది ఎత్తరు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండి లాంటి 8 భాషల్లో చిన్న తరగతులకి పుస్తకాలొచ్చాయి. మా నలుగురిలో ఒకడి ఊరి బడిలో ఆ సవర వాచకం ఉండేది. పిల్లలు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి నానమ్మకి చదివి వినిపించేవారట.

చివరికి మాకు అర్థమైంది ఇది. ఇంగ్లీషు మనకి కావాలి, వద్దనే స్థితిలో మనం లేం. కానీ మొదటి రోజు బడిలో పిల్లాడి మాట అర్థమయ్యే పంతులు ఉండాలి. తెలుగు, ఇంగ్లీషు ఆ మాట మీద నిలబెట్టి నేర్పాలి. పిల్లాడి నోరు మూయించి మొదలుపెడితే వాడు నాలుగో తరగతి దాటడు, దాటినా మాలాగే లేచి నిలబడి ఆగిపోతాడు.

డీఎడ్, బీఎడ్ చదువుతున్న అన్నలూ అక్కలూ, రేపు పోస్టింగు వచ్చిన ఊళ్ళో పిల్లలు ఏ భాష మాట్లాడతారో ముందు కనుక్కోండి. మేమైతే ఆదివారాలు గదిలో గంటసేపు ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటున్నాం. తప్పు మాట్లాడితే నవ్వకూడదు, అదొక్కటే రూలు. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మా నానమ్మల దగ్గర సవర మాటలు నోటుబుక్కులో రాసుకోవాలని కూడా అనుకున్నాం. మీ బళ్ళలో మొదటి రోజు ఏ భాషలో పాఠం విన్నారో, ఎంత అర్థమైందో కింద రాయండి. మేము రాసినదాంట్లో తప్పులుంటే దిద్దండి.