ఫతే మైదాన్‌లో మూడో ఫిబ్రవరి

2005 ఫిబ్రవరి 12, శనివారం. పాతబస్తీలో మొహర్రం నెల అప్పుడే మొదలైంది. పత్తర్‌గట్టీ కమానుల కింద నల్ల దుస్తుల్లో జనం బాద్‌షాహీ ఆషూర్‌ఖానా వైపు నడుస్తున్నారు. మదీనా చౌరస్తాలో మీరు ఆటో ఆపి ‘ఫతే మైదాన్’ అంటారు. డ్రైవర్ మీటరు ఊసెత్తకుండా, ‘సానియా మ్యాచ్‌కా అన్నా?’ అని అడుగుతాడు. మీరు తలూపేలోపే బండి కదులుతుంది.

నయాపూల్ మీద ట్రాఫిక్ ఎప్పటిలాగే ఆగి ఆగి సాగుతోంది. ఈ ఒడ్డున హైకోర్టు, ఆ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. అఫ్జల్‌గంజ్, మొజంజాహీ మార్కెట్, ఆబిడ్స్ దాటి బషీర్‌బాగ్ చేరేదాకా డ్రైవర్ మాట్లాడుతూనే ఉంటాడు. మూడు వారాల కిందట ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్లో సానియా మీర్జా సెరీనా విలియమ్స్ చేతిలో 6-1, 6-4 తేడాతో ఓడింది. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో అంత దూరం వెళ్లిన భారతీయ మహిళ అంతకుముందు లేదు. ‘రెండో సెట్ల నాలుగు గేములు గుంజింది సెరీనా దగ్గర, మామూలు మాటనా?’ అంటాడు. ఓడిన మ్యాచ్‌ని ఇంత గర్వంగా చెప్పుకోవడం మీరు క్రికెట్‌లో ఎన్నడూ వినలేదు.

1687లో గోల్కొండను గెలిచిన మొగలు సేనలు విడిది చేసిన చోటని ఫతే మైదాన్‌కు ఆ పేరు. ఇప్పుడక్కడ లాల్ బహదూర్ స్టేడియం, దాని పక్కనే టెన్నిస్ కోర్టులు. ఏపీ టూరిజం హైదరాబాద్ ఓపెన్ ఫైనల్ ఈ రోజే. మొత్తం ప్రైజ్‌మనీ 1,40,000 డాలర్లు. మహిళల టూర్‌లో ఇది టియర్ ఫోర్, అంటే కింది మెట్లలో ఒకటి. స్టాండ్లు చూస్తే మాత్రం ఆ సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు. బుర్ఖా వేసుకున్న తల్లి ఒడిలో పిల్లవాడు, కాలేజీ ఎగ్గొట్టి వచ్చిన అమ్మాయిల గుంపు, నిజాం కాలేజీ రోజుల నుంచి టెన్నిస్ చూస్తున్నానని చెప్పుకునే పెద్దాయన. మీరు ఆయన పక్కన సర్దుకుని కూర్చుంటారు.

టీవీలో టెన్నిస్ చూసి ఆట నెమ్మదిగా సాగుతుందనుకున్నవాళ్లకు ఇక్కడ మొదటి ర్యాలీకే మెడ పట్టేస్తుంది. బంతి ఎటు పోయిందో తల తిప్పి చూసేలోపే అవతలి నుంచి తిరిగి వచ్చేస్తోంది. నెట్‌కు ఆవల ఉక్రెయిన్ అమ్మాయి అలోనా బొండరెంకో. ఇరవై ఏళ్లు, తొణకని మొహం. ఇవతల పద్దెనిమిదేళ్ల సానియా, ముక్కుకు రింగు. ఆమె ఫోర్‌హ్యాండ్‌ను కాస్త జాగ్రత్తగా చూడండి. మోచేయి వెనక్కి వెళ్తుంది. దాని వెనకే మణికట్టు ఇంకా వెనక్కి వాలుతుంది. మనమైతే అంత వంచేసరికి బెణుకుతుంది. ఆ వంపంతా ఒక్కసారి విడిపోయి బంతి మీద పడుతుంది. బంతి ఎత్తుగా లేవదు, నెట్ మీదుగా బల్లపరుపుగా దూసుకుపోతుంది. లైన్ తాకితే స్టాండ్లు లేచి నిలబడతాయి, తప్పితే ‘అర్రెర్రే’ అని కూలబడతాయి.

‘ఫోర్‌హ్యాండ్‌కు ఢోకా లేదు,’ అంటాడు పెద్దాయన. ‘సెకండ్ సర్వ్ చూడు బాబూ. నా బీపీ అంతా దాని మీదనే ఉంటది.’ మొదటి సర్వ్ నెట్‌కు తగిలిన ప్రతిసారీ ఆయన కళ్లు మూసుకుంటాడు.

మొదటి సెట్ 6-4, సానియాది. ఆటగత్తెలు కుర్చీల్లో కూర్చుంటారు. కోచ్ వచ్చి మాట్లాడటానికి లేదు. ఏం ఆలోచించుకున్నా ఎవరికి వారే. ఆ విరామంలో పెద్దాయన పాత లెక్క విప్పుతాడు. 2003 ఫిబ్రవరిలో ఈ టోర్నీ మొదలైనప్పుడు పదహారేళ్ల సానియాకు నిర్వాహకులు వైల్డ్‌కార్డ్, అంటే ర్యాంకు చాలకున్నా ఆడనిచ్చే పిలుపు, ఇచ్చారు. మొదటి రౌండ్లోనే ఓడింది. నిరుడు మళ్లీ వైల్డ్‌కార్డ్. ఆస్ట్రేలియా అమ్మాయి నికోల్ ప్రాట్ మీద ఒక సెట్ గెలిచి, మళ్లీ మొదటి రౌండ్లోనే ఓడింది. ఆ ప్రాటే చివరకు ఛాంపియన్ అయింది. అదే వారం లీజెల్ హ్యూబర్‌తో కలిసి సానియా డబుల్స్ టైటిల్ కొట్టింది. ‘ఆరేళ్లప్పుడు ఆ నిజాం క్లబ్‌లనే రాకెట్ పట్టింది,’ అని ఆయన అసెంబ్లీ దిక్కు చెయ్యి చూపిస్తాడు.

రెండో సెట్ సాగుతూనే ఉంటుంది. బొండరెంకో ఏ బంతినీ వదలడం లేదు. ఇంకో షాట్, ఇంకో షాట్ ఆడించి, తొందరపడే పనిని సానియాకే అప్పగిస్తోంది. స్టాండ్లలో గోల పెరిగితే చైర్ అంపైర్ ‘క్వైట్ ప్లీజ్’ అంటారు. జనం ఒకరినొకరు ‘ష్’ అని అదిలించుకునే చప్పుడే ఎక్కువవుతుంది. 5-7. బుర్ఖా తల్లి ఒడిలో పిల్లవాడిని అటు నుంచి ఇటు మార్చుకుని ‘యా అల్లా’ అంటుంది. కాలేజీ అమ్మాయిలు గోళ్లు కొరుకుతున్నారు. పెద్దాయన మాత్రం నింపాదిగా, ‘మూడో సెట్ ఆడనీ. నిరుడు ఇట్లనే ఒక సెట్ గెలిచి ఓడింది. ఎట్ల ఓడిందో ఆ పిల్లకు యాదున్నది,’ అంటాడు.

మూడో సెట్లో సానియా చేతిని వెనక్కి లాక్కోలేదు. తప్పులు జరుగుతున్నాయి, అయినా అదే వేగంతో కొడుతోంది. ఒక్కో గేమ్ చేతికి వచ్చినకొద్దీ స్టాండ్లలో కూర్చునేవాళ్లు తగ్గుతున్నారు. 6-3. అంపైర్ స్కోరు చెప్పే మాట ఎవరికీ వినబడదు. పెద్దాయన మీ భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. ఎవరో ‘క్యా మారీ రే!’ అని అరుస్తున్నారు. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ మీ కళ్ల ముందే ఉంది. ర్యాంకు కూడా ఈ గెలుపుతో మొదటి వందలోకి వస్తుంది.

ఈ స్టాండ్లలో ఎవరికీ ఇంకా తెలియని సంగతులు రెండున్నాయి. ఒకటి, వచ్చే ఏడాదికి ఈ టోర్నీ బెంగళూరుకు వెళ్లిపోతుంది. రెండోది, సానియా 2007లో 27వ ర్యాంకు దాకా ఎక్కుతుంది, డబుల్స్‌లో, మిక్స్‌డ్‌లో కలిపి ఆరు గ్రాండ్‌స్లామ్‌లు గెలుస్తుంది, కానీ మరో డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ రాదు. ఉన్న ఆ ఒక్కటీ సొంతూళ్లో గెలిచిందే.

అది కలిసొచ్చిన అదృష్టమేమీ కాదు. ఈ ఊళ్లో మూడేళ్లే బతికిన ఈ టోర్నీ ఒక పదహారేళ్ల పిల్లను పెద్ద ఆటగత్తెల ముందు నిలబెట్టి ఓడనిచ్చింది, మరుసటి ఏడాది పిలిచి మళ్లీ ఓడనిచ్చింది, మూడోసారి కప్పు చేతికిచ్చింది. ఊళ్లో అలాంటి టోర్నీ లేని అమ్మాయి ఆ మొదటి రెండు ఓటముల కోసం కూడా విమానం టికెట్లు కొనుక్కోవాలి.