కోపమూ గుండెనొప్పీ : జాన్ హంటర్ ఉదంతము

“కోపం తెచ్చుకోకండి, గుండెకు మంచిది కాదు” అని గుండెజబ్బు మనిషికి ఇంటిల్లిపాదీ చెబుతారు. ఈ మాటలో శాస్త్రం ఎంత ఉన్నదో తెలుసుకోవాలంటే పద్దెనిమిదవ శతాబ్దపు లండను నగరానికి వెళ్ళాలి.

జాన్ హంటర్ (1728–1793) ఆనాటి శస్త్రవైద్యులలో అగ్రగణ్యుడు. శ్రమపడినా, కోపం వచ్చినా ఆయనకు రొమ్ములో నొప్పి పుట్టేది. ఇటువంటి నొప్పిని హెబర్డెన్ అనే వైద్యుడు 1768లోనే వర్ణించాడు. కారణం మాత్రం అప్పటికి తెలియదు. హంటర్ శిష్యుడు ఎడ్వర్డ్ జెన్నర్, తరువాత మశూచికి టీకాలు ప్రచారంలోకి తెచ్చినవాడు, మృతదేహాలను పరీక్షించి, గుండెకు రక్తమిచ్చే ధమనులు గట్టిపడటమే కారణమని ఊహించాడు. కాని గురువుగారు బెంగ పెట్టుకుంటారని ఆ సంగతి ప్రకటించలేదు.

తనను రెచ్చగొట్టే ఏ తుంటరి చేతిలోనైనా తన ప్రాణం ఉన్నదని హంటర్ అంటుండేవాడట. 1793 అక్టోబరు 16న సెయింట్ జార్జి ఆసుపత్రి సమావేశంలో వాగ్వాదం జరిగింది. ఆయన పక్కగదిలోకి పోయి కుప్పకూలి మరణించాడు. శవపరీక్షలో ధమనులు జెన్నర్ ఊహించినట్లే ఉన్నాయి.

కోపానికీ ధమనికీ సంబంధమేమి? భయమూ కోపమూ కలిగినప్పుడు అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయని అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. అప్పుడు నాడి వేగమూ, రక్తపుపోటూ పెరుగుతాయి. గుండెకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి. మా పాల్వంచ విద్యుత్కేంద్రంలో గిరాకీ పెరిగితే కొలిమికి బొగ్గు ఎక్కువ అందాలి గదా! బొగ్గు వచ్చే దారి ఇరుకైతే ఏమవుతుందో, ఇరుకైన ధమనులున్న గుండెకూ అదే అవుతుంది.

మరి మనస్సును శాంతపరచుకుంటే చాలునా? గుండెపోటు వచ్చిన 3,959 మందిపై మన దేశంలో 24 కేంద్రాలలో జరిగిన యోగా పరిశోధన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. యోగా నేర్చినవారు తమ ఆరోగ్యం మెరుగైనదన్నారు. పూర్వపు పనులకు మరింత బాగా మళ్ళగలిగారు. కాని మరణాలూ, మళ్ళీ వచ్చే గుండెపోట్లూ తగ్గినట్లు రుజువు కాలేదు. కాబట్టి ప్రశాంతత మందుకు తోడే గాని, మందుకు బదులు కాదు. రొమ్మునొప్పి వస్తే “దిగులువల్ల వచ్చిందిలే” అని పడుకోక, వెంటనే 108కి ఫోను చేయాలి.

జెన్నర్ మౌనం ప్రేమతో వహించినది. ఆనాడు చెప్పినా చేయగల చికిత్స లేదు. 1879లో ముర్రెల్ ఈ నొప్పికి నైట్రోగ్లిసరిన్ ఉపయోగాన్ని చాటాడు. నేడు మందులూ శస్త్రచికిత్సలూ అనేకం ఉన్నాయి. అందుచేత ఇంటి పెద్దకు జబ్బు సంగతి దాచిపెట్టడం ఈనాడు ఉపకారం కాదు. నెమ్మదిగా, ధైర్యం చెబుతూ, తెలియజెప్పడమే ఉపకారం.