సుదూర ప్రవేశ సర్వర్లపై పర్యవేక్షణ: మండల కార్యాలయాలకు రక్షణ

మారుమూల మండలాలకు ప్రభుత్వ సేవలు చేరడానికి కంప్యూటర్ నెట్‌వర్కు ఎంత అవసరమో, అందులోకి ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి ప్రవేశిస్తున్నారో గమనించడం కూడా అంతే అవసరం.

నేపథ్యం: రాష్ట్ర రాజధానిని జిల్లాలతోను, మండలాలతోను కనీసం 2 ఎంబీపీఎస్ వేగంతో అనుసంధానించే స్వాన్ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2005 మార్చిలో ఆమోదించింది. కార్యాలయం వెలుపల నుంచి ఇటువంటి నెట్‌వర్కులోకి ప్రవేశించే ఉద్యోగి పేరు, పాస్‌వర్డులను సుదూర ప్రవేశ సర్వరు పరిశీలించి అనుమతిస్తుంది.

నమోదయ్యే వివరాలు: సర్వరు పంపే లెక్కలను రేడియస్ విధానం నమోదు చేస్తుంది. వినియోగదారుని పేరు, ప్రారంభ, ముగింపు సమయాలు, వచ్చిన, వెళ్లిన డేటా పరిమాణం, ముగింపునకు కారణం వీటిలో ముఖ్యమైనవి. 2 ఎంబీపీఎస్ లింకు పూర్తిగా నిండినా గంటకు సుమారు 900 మెగాబైట్లకు మించి సాగదు. కార్యాలయం మూసిన తరువాత ఒకే ఖాతాపై వందల మెగాబైట్లు వెలుపలికి వెళ్లినట్లు కనిపిస్తే వెంటనే విచారించవలసి ఉంటుంది.

తుపాను పాఠం: 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను మందస సహా ఉద్దానం ప్రాంతంలో విద్యుత్, సమాచార వ్యవస్థలను దెబ్బతీసింది. అటువంటి వేళ లింకు తెగినట్లు సర్వరు గుర్తిస్తే ఆ కారణంతోనే ముగింపు నమోదవుతుంది. సర్వరుకే విద్యుత్ ఆగిపోతే ముగింపు నమోదు రాదు. ఇంటికి వెళ్లిపోయిన ఉద్యోగి కూడా లోపలే ఉన్నట్లు పట్టికలో కనిపిస్తాడు. అందువల్ల 10 నిమిషాలకు ఒకసారి మధ్యంతర లెక్క పంపే ఏర్పాటు ఉండాలి. ఆ లెక్కలు ఆగిపోతే అంతరాయంగా భావించి పరిశీలించాలి. ఉద్యోగి లేని వేళ అవి కొనసాగుతూ డేటా పెరుగుతుంటే ఖాతా దుర్వినియోగమైనట్లు అనుమానించాలి.

చట్టపరమైన బాధ్యత: సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాలు ప్రభుత్వ సంస్థలకు సైతం వర్తిస్తాయి. వాటి ప్రకారం లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి. నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయాలి. సర్వర్ల గడియారాలను ప్రామాణిక సమయంతో సరిపోల్చి ఉంచాలి. లాగ్ యూటీసీ సమయంలో ఉన్నట్లయితే 5 గంటల 30 నిమిషాలు కలిపి చదవాలి. లేనిపక్షంలో ఉదయం 10 గంటలకు జరిగిన పని తెల్లవారుజామున 4.30కు జరిగినట్లు పొరబడే ప్రమాదం ఉన్నది. ఇతరుల పాస్‌వర్డును మోసపూరితంగా వాడటం సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షను కింద 3 సంవత్సరాల వరకు జైలు శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించదగిన నేరం.

భూమి రికార్డులో ఒక పేరు మారితే నష్టపోయేది రైతు. ఆ మార్పు ఎవరి ఖాతాతో జరిగిందో ముందుగా సంజాయిషీ చెప్పుకోవలసినది ఉద్యోగి. సక్రమంగా ఉంచిన లాగ్ ఈ ఇరువురికీ సాక్ష్యంగా నిలుస్తుంది. కనుక ప్రతి కార్యాలయం ఈ నమోదులను రోజూ సరిచూడటం, బదిలీ అయిన లేదా పదవీ విరమణ చేసిన ఉద్యోగుల ఖాతాలను ఆ రోజే నిలిపివేయడం అవసరం.